మండెకట్టిన గింజ, కోనసీమలో నిలవని తీగ

(కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ చాప మీద ఇంకా చోటుంది.

మాటలు మొదలుపెట్టే ముందు ఒక పని చెయ్యాలి. దానికి ముప్పావుగంట పడుతుంది. ఇప్పుడే మొదలుపెడితే నేను ముగించేసరికి అయిపోతుంది. ఈ గిన్నెలో ఉన్నది నూకల జావ. గ్లాసుడు నూకలు బాగా మెత్తగా ఉడికించి తెచ్చాను. గరిటె నిలబెడితే నిలబడుతోంది చూడండి. థర్మామీటరు 66 డిగ్రీలు చూపిస్తోంది. వేలు ముంచితే వెంటనే తీసెయ్యాలి, అంత వేడి. ఇప్పుడు ఈ డబ్బాలోంచి రెండు చెంచాల పిండి వేసి కలుపుతున్నాను. ఇది రాగిపిండి, కాకపోతే రాగుల్ని మొలకెత్తించి, ఆరబెట్టి, ఆ తర్వాత పట్టించిన పిండి. కలిపేశాను. హాట్‌బాక్స్‌లో పోసి మూత పెడుతున్నాను. ఇదిగో పాపా, నీ దగ్గర ఉంచు. నేను చెప్పేదాకా తెరవకమ్మా.

లైబ్రేరియన్ గారు నాకు ఫోన్ చేసి, "మీకు ఇంట్లో బీరు చెయ్యడం వచ్చటగా, హాప్స్ కూడా పెంచారటగా, వాటి గురించి చెప్పండి" అన్నారు. హాప్స్ అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే ఒక తీగ. రెండు రోజులు ఆలోచించాను. ఈ ఊళ్లో తాగుడుతో చితికిపోయిన ఇళ్లు నాకు తెలుసు. మా పెద్దనాన్న గారి ఇల్లు అందులో ఒకటి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాకి ఎదురు తిరిగినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఆ వార్తలు మా అమ్మ పేపర్లో చదివించుకుని మరీ వినేది. అలాంటి చోట నిలబడి బీరు గురించి మాట్లాడటం నాకు తేలిక కాదు.

అందుకే ఒక మాట ముందే చెబుతున్నాను. మన రాష్ట్రంలో లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు తయారు చెయ్యడం నేరం. అమ్మడానికి కాదు, మా ఇంట్లోవాళ్లు తాగడానికే అన్నా నేరమే. 1968 నాటి ఎక్సైజ్ చట్టం కిందికి వస్తుంది. నేను అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలో, పద్నాలుగేళ్లు ఉన్నాను. అక్కడ 1978లో చట్టం మార్చి ఇంట్లో బీరు చేసుకోవడానికి అనుమతి ఇచ్చారు. ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే 200. అమ్మకూడదు. పక్కింటి పెద్దాయన, రిటైరైన స్కూలు మాస్టారు, తన గ్యారేజీలో నాకు ఆ పని నేర్పాడు. ఇక్కడికి తిరిగి వచ్చాక నేను ఒక్క సీసా కూడా చెయ్యలేదు. కానీ ఆ గ్యారేజీలో నేర్చుకున్నది నాకు మా మామ్మ వంటిల్లు ఏమిటో తెలిసేలా చేసింది. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఆ వంటింటి గురించే. దాని దగ్గరికి రావాలంటే బార్లీ, హాప్స్ దాటుకుంటూ రావాలి.

బీరు అంటే ద్రాక్షరసంలాగా ఏదో పండుతో చేస్తారని చాలామంది అనుకుంటారు. బీరు గింజతో చేస్తారు. ముఖ్యంగా బార్లీతో. గింజలో ఉండేది పిండి పదార్థం. బీరుని పులియబెట్టేది ఈస్టు అనే కంటికి కనపడని జీవి, అది చక్కెర తిని ఆల్కహాల్ చేస్తుంది. ఈస్టు ఆ పిండిని తినలేదు, దానికి చక్కెర కావాలి. మరి గింజలోని పిండిని చక్కెర చేసేది ఎవరు? గింజే చేసుకుంటుంది. మొలకెత్తేటప్పుడు.

ఇక్కడ రైతులు చాలామంది ఉన్నారు. సార్వాకి నారు పొయ్యాలంటే ఏం చేస్తారండి? విత్తనాల వడ్లు ఒక రోజంతా నానబెడతారు. నీళ్లు వంచేసి గోనెసంచుల్లో పోసి, పైన తడి గడ్డి కప్పి, బరువు పెట్టి మండెకడతారు. ఒక రోజు గడిచాక సంచిలో చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది. గింజ ఊపిరి తీసుకుంటోంది కాబట్టి ఆ వేడి. తెల్లగా ముక్కు పగులుతుంది. అప్పుడు తీసుకెళ్లి మడిలో చల్లుతారు. ఎక్కువసేపు ఉంచితే వేళ్లు అల్లుకుపోతాయని, వేడి మించితే మొలక చచ్చిపోతుందని మీకు ఎవరూ పుస్తకంలో చెప్పలేదు.

నా మాస్టారు గ్యారేజీలో ఒక పుస్తకం చూపించి, బార్లీని రెండు రోజులు నానబెట్టాలి, నాలుగైదు రోజులు మొలకెత్తనివ్వాలి, మధ్యమధ్య తిరగెయ్యాలి, వేడి మించకూడదు అని చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. మా నాన్న మండెకట్టిన గోనెసంచి వాసన నా ముక్కుకి తగిలింది. ఇది మా ఇంట్లో ఉన్న పనే కదా అనిపించింది. తేడా అంతా ఆ తర్వాత అడుగులో ఉంది. మన రైతు మొలకను బురదలో చల్లుతాడు, వాళ్లు వేడిగాలితో ఆరబెట్టి మొలకను అక్కడే ఆపేస్తారు. అలా ఆరిన గింజే మాల్ట్. మనం పిల్లలకు పోసే రాగిమాల్ట్‌లో ఉన్నది ఆ మాటే. రాగుల్ని మొలకెత్తించకుండా ఊరికే పిండి పట్టించి కాస్తే అది రాగిజావ అవుతుంది గానీ మాల్ట్ అవదు.

ముక్కు పగిలిన గింజలో రెండు ఎంజైములు, అంటే పిండిని విరగ్గొట్టే పదార్థాలు, పని చేస్తాయి. పిండి పదార్థాన్ని పొడవాటి కొబ్బరితాడు అనుకోండి. ఒక ఎంజైము ఆ తాడును మధ్యలో ఎక్కడ పడితే అక్కడ కోసేస్తుంది. దాని పేరు ఆల్ఫా అమైలేజ్. రెండోది చివరి నుంచి వస్తూ రెండేసి పోగుల ముక్కలు తెంపుతుంది, అది బీటా అమైలేజ్. రెండోదాని వల్ల తీపి. మొదటిదాని వల్ల చిక్కదనం విరిగి పలచబడుతుంది. 62, 65 డిగ్రీల దగ్గర రెండోది బాగా పని చేస్తుంది, 70 దాటితే నశిస్తుంది. మొదటిది ఇంకొంచెం వేడి తట్టుకుంటుంది. రెండూ కలిసి పని చేసే చోటు 65, 68 మధ్య. మాల్ట్‌ని పగలగొట్టి ఆ వేడి నీళ్లలో గంటసేపు ఉంచితే తియ్యటి రసం వస్తుంది. బీరు కాచేవాళ్లు మొదట చేసేది అదే. నూకలు నేను ముందుగా ఎందుకు ఉడికించానంటే, బియ్యం పిండి బార్లీ పిండి కంటే ఎక్కువ వేడికి గానీ విచ్చుకోదు. విచ్చుకోని పిండి మీద ఎంజైము పని చెయ్యలేదు. బీరులో బియ్యం వాడే కంపెనీలు కూడా బియ్యాన్ని విడిగా ఉడికించి కలుపుతాయి.

రైతు సోదరులకు ఒక హెచ్చరిక. ఇది విని ఇంటికెళ్లి విత్తనాల సంచిలో మిగిలిన మొలక వడ్లు ఆరబెట్టి పిల్లలకు జావ కాచిపెట్టకండి. విత్తనశుద్ధి మందు పట్టించిన వడ్లు అవి. ఆ మందు కడిగితే పోయేది కాదు. తినడానికైతే మందు తగలని రాగులే వాడండి.

ఇప్పుడు హాప్స్.

హాప్స్ అనేది తీగ. గంజాయి కుటుంబానికి చెందిన మొక్కే అయినా గంజాయిలోని మత్తు పదార్థం ఇందులో లేదు. వేరు నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. పైన తీగ మాత్రం చలికాలం ముందు ఎండిపోతుంది, వసంతంలో మళ్లీ లేస్తుంది. మంచి అదనులో రోజుకు జానెడు పాకుతుంది. దానికి నులితీగలు ఉండవు. కాండం మీద గరుకైన ముళ్లలాంటి నూగు ఉంటుంది, దానితో తాడును పట్టుకుని చుట్టుకుంటుంది. పొలాల్లో పద్దెనిమిది అడుగుల స్తంభాలు నాటి తాళ్లు వేలాడదీస్తారు. దూరం నుంచి చూస్తే మన తమలపాకు తోటలు గుర్తొస్తాయి, ఎత్తు మాత్రం ఇంకా ఎక్కువ.

తాటిలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే హాప్స్‌లోనూ మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. కావలసింది ఆడ మొక్క మాత్రమే. దాని పూత చిన్న బుట్టలాగా, కాగితంపువ్వు రేకులంత పల్చటి ఆకుపచ్చ పొరలతో ఉంటుంది. ఆ పొరలు విప్పితే అడుగున పసుపురంగు పొడి. వేళ్లకు అంటుకుంటుంది. నలిపి వాసన చూస్తే నారింజ తొక్క, పచ్చిగడ్డి, కొంచెం గుగ్గిలం కలిసినట్టు ఉంటుంది. నాకు చాలా ఇష్టమైన వాసన. నోట్లో వేసుకుంటే భరించలేని చేదు. ఆ పొడిలోని ఆల్ఫా ఆమ్లాలు గంటసేపు మరిగితే రూపం మార్చుకుని నీళ్లలో కలుస్తాయి, బీరుకి చేదు అలా వస్తుంది. చివర్లో వేసిన హాప్స్ చేదు ఇవ్వదు, వాసన ఇస్తుంది. ఇరవై లీటర్లకు ముప్పయి గ్రాములో అరవై గ్రాములో చాలు. పెరట్లో కుక్కలున్నవాళ్లు మాత్రం ఈ పూతను వాటికి అందనివ్వకూడదు. కుక్క తింటే ఒళ్లు కాలిపోయేంత జ్వరం వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

ఒరెగాన్‌లో మా ఇంటి వసారా మీదికి ఒక హాప్స్ తీగ పాకించాను. క్యాస్కేడ్ అనే రకం. ఆ రాష్ట్రంలోనే పెంచి 1972లో విడుదల చేసిన రకం అది. రెండో ఏడు నుంచి బుట్టలకొద్దీ పూత. ఇక్కడికి వచ్చాక అది లేక వెలితిగా ఉండేది. మన దేశంలో హాప్స్ పండే చోటు హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయ. అక్కడి నుంచి ఒక మిత్రుడి ద్వారా మూడు వేరుముక్కలు తెప్పించాను. కడియం నర్సరీలో పనిచేసిన మా బావమరిదిని పిలిచి, ఇసుక, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి మూడు పెద్ద తొట్లలో పెట్టాం. కొబ్బరిచెట్ల మధ్య, పొద్దుటి ఎండ తగిలేచోట. అది నవంబరు.

జనవరికి మొలకలు వచ్చాయి. ఇంట్లో అందరం సంబరపడ్డాం. ఫిబ్రవరి ఆఖరుకి మొక్క నా నడుము దాటలేదు, కానీ పూత వచ్చేసింది! మూడు మొక్కలకీ కలిపి ఏడు బుట్టలు. శనగగింజంత ఉన్నాయి. మే నెలలో ఆకులు అంచుల నుంచి మాడిపోయాయి. నీడనెట్ కట్టాను, సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లాను. బతికాయి గానీ ఎదగలేదు. రెండో ఏడూ అంతే. మూడో ఏడు, 2022 జూలైలో, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదకి మా పెరట్లో నాలుగు రోజులు నీళ్లు నిలిచాయి. లంకల్లో ఉన్నవాళ్ల కష్టం ముందు నా తొట్లు ఎంత, వాటి సంగతి ఆ రోజుల్లో నాకు గుర్తు కూడా లేదు. నీళ్లు తీశాక చూస్తే వేరు కుళ్లిపోయి చేతికి పేస్టులా వచ్చింది.

నేను మొదట ఎండనే తప్పుపట్టాను. తర్వాత నేలను, ఎరువును. అసలు కారణం పగటి పొడవు. ఒరెగాన్‌లో జూన్ నెలలో పగలు పదిహేనున్నర గంటలు. జర్మనీలో హాప్స్‌కి పేరుపడ్డ హాలెర్‌టావ్ ప్రాంతంలో పదహారు. మనకు జూన్ 21న కూడా పగలు పదమూడు గంటలే. హాప్స్ తీగకు పగలు పొడుగ్గా ఉన్నంతకాలం పైకి పాకడమే పని. పగలు తగ్గుతున్నట్టు తెలిస్తే ఎదుగుదల ఆపి పూతకు వస్తుంది. మన దగ్గర ఏడాది పొడుగునా దానికి ఆ కబురే అందుతుంది. అందుకే నడుమెత్తుకు రాగానే పూసేసింది. దానికితోడు వేరుకు చలికాలపు విశ్రాంతి అలవాటు, మన జనవరి ఆ విశ్రాంతికి సరిపోదు.

చామంతి పెంచేవాళ్లకు ఇది కొత్త కాదు. చిత్తూరు వైపు, కర్ణాటకలో చామంతి తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగించడం మీలో కొందరు బస్సులోంచి చూసే ఉంటారు. చామంతికి రాత్రి పొడవైతే పూత వస్తుంది, దీపంతో రాత్రిని చిన్నది చేసి పూత వాయిదా వేస్తారు. మన పాతకాలపు సార్వా రకాలు కూడా పొద్దు తగ్గితే గానీ ఈనేవి కావు. అందుకే దాళ్వాకి వేరే రకాలు ఉండేవి. బ్రెజిల్‌లో ఇప్పుడు హాప్స్ తోటల్లోనూ అలాగే దీపాలు పెట్టి పండిస్తున్నారు. మూడు తొట్ల కోసం నేను ఆ పని చెయ్యలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి నా ఆసక్తి మరో ప్రశ్న మీదికి మళ్లింది. ఈ తీగ లేకుండా మనవాళ్లు ఎలా నెట్టుకొచ్చారు?

దానికి జవాబు కావాలంటే హాప్స్ అసలు పని ఏమిటో తెలియాలి. చేదు, వాసన పైకి కనిపించేవి. తియ్యటి గింజల రసం ఉందనుకోండి, దాన్ని తినడానికి ఈస్టు ఒక్కటే రాదు. పెరుగు తోడులో ఉండే జాతి బ్యాక్టీరియా కూడా వస్తుంది, వచ్చి పులుపు చేస్తుంది. హాప్స్‌లోని చేదు పదార్థం ఆ బ్యాక్టీరియాని ఎదగనివ్వదు, ఈస్టుకి మాత్రం హాని చెయ్యదు. అంటే ఆ కుండలో ఎవరు ఉండాలో ఎవరు ఉండకూడదో ఈ తీగ తేలుస్తుంది. 1516లో జర్మనీలోని బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఏమీ వెయ్యకూడదని శాసనం చేశారు. ఈస్టు పేరు అందులో లేదు. అదొక జీవి అని అప్పటికి తెలియదు. బీరు పాడవడం వెనుక ఉన్న సూక్ష్మజీవుల మీద ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ పుస్తకం వచ్చింది 1876లో. ఒకే ఒక్క ఈస్టు కణం నుంచి శుద్ధమైన తోడు తయారు చెయ్యడం 1883లో డెన్మార్క్‌లో హాన్సెన్ అనే శాస్త్రవేత్త చేసి చూపించాడు. ఆ మధ్య మూడున్నర శతాబ్దాలు కళ్లకు కనపడని జీవుల్ని చేదు తీగతో అదుపులో పెట్టారు. ఇంగ్లండు నుంచి ఇండియాకి నెలల తరబడి ఓడలో వచ్చే బీరులో హాప్స్ మరీ ఎక్కువ వేసేవాళ్లు. ఇప్పటికీ ఆ రకం బీరు పేరులో ఇండియా ఉంది.

మన దగ్గర తీగ లేదు. తాడి ఉంది. మా ఊళ్లో నేను బాబాయ్ అని పిలిచే పెద్దాయన యాభై ఏళ్లు కల్లు గీశారు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక మోకు పక్కన పెట్టేశారు. ఒకరోజు అడిగాను, "బాబాయ్, లొట్టిలో సున్నం ఎందుకు పూస్తారు?" అని. ఆయన చెప్పిన మాట అలాగే చెబుతున్నాను: "సున్నం పెడితే రాత్రి పడ్డ రసం రాత్రిలాగే ఉంటాది. పెట్టకపోతే అది మారిపోతాది బాబూ. కడగని లొట్టికి మరీ తొందరగా." ఆ నాలుగు మాటల్లో పాశ్చర్ పుస్తకంలోని సంగతి చాలా ఉంది. తాటిరసంలో లీటరుకు వంద గ్రాముల పైచిలుకు చక్కెర ఉంటుంది. గెల నుంచి చుక్క పడుతుండగానే ఈస్టు, బ్యాక్టీరియా పని మొదలుపెడతాయి. పాత లొట్టి గోడల్లో నిన్నటివి దాక్కుని ఉంటాయి కాబట్టి కడగకపోతే ఇంకా వేగం. సున్నం ఆ రసాన్ని క్షారంగా మార్చి ఈస్టునీ బ్యాక్టీరియానీ రెండిటినీ ఆపేస్తుంది. దానితో తియ్యటి నీరా నిలుస్తుంది, కాస్తే తాటిబెల్లం అవుతుంది. హాప్స్ ఒకరిని ఉంచి ఇంకొకరిని ఆపితే, సున్నం అందరినీ ఆపుతుంది. గీత వృత్తిలోని వాళ్లను కల్లు అమ్మేవాళ్లుగానే చూశాం. ఈ విద్య తెలిసినవాళ్లుగా ఎప్పుడైనా చూశామా అని నాకు బాధగా ఉంటుంది. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలమ్ లాంటి మత్తుమందులు కలిపేవాళ్ల గురించి నేను మాట్లాడటం లేదు, అది మనుషుల్ని చంపే పని. నేను మాట్లాడుతున్నది చెట్టు ఎక్కే మనిషి గురించి.

ఇక మా మామ్మ దగ్గరికి వస్తాను.

మా వంటింట్లో ఈశాన్యం మూల ఒక కుండ ఉండేది. తరవాణి కుండ. అందులో గంజి, బియ్యం కడిగిన రెండో నీళ్లు, మిగిలిన అన్నం. ఏ రోజూ పూర్తిగా ఖాళీ చేసేది కాదు. పొద్దున్నే పైన తేటను వంచుకుని, అందులో ఊరిన అన్నం తీసి, ఉప్పు వేసి, దబ్బాకు నలిపి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినేవాళ్లం. ఎండాకాలం పొలం వెళ్లే ముందు మా నాన్న అది తినకుండా కదిలేవాడు కాదు. కుండలోంచి తీసినంత సాయంత్రం మళ్లీ పోసేది. వేసవిలో తక్కువ, వానాకాలంలో ఎక్కువ. కుండ వాసన చూసి "ఇవాళ మెత్తగా ఉంది", "ఇవాళ కోపంగా ఉంది" అనేది. కోపంగా ఉంటే సగం పారబోసి కొత్త గంజి పోసేది.

చిన్నప్పుడు అదేదో పేదరికపు అలవాటు అనుకున్నాను. స్నేహితులు వస్తే ఆ కుండ కనపడకుండా తలుపు దగ్గరికి వేసేవాడిని. మా మామ్మ అది చూసింది. ఏమీ అనలేదు.

ఆమె చేసినది ఏమిటో నాకు గ్యారేజీలో తెలిసింది. బీరు చేసేవాళ్లు ఒక విడత అడుగున మిగిలిన ఈస్టును తీసి తర్వాత విడతకు తోడుగా వాడతారు. నార్వే పల్లెల్లో క్వైక్ అనే ఈస్టు ఉంది. దాన్ని కొయ్య కంకణాల మీద ఆరబెట్టి ఇంటి గోడకు తగిలించి, తల్లి నుంచి కూతురికి, తండ్రి నుంచి కొడుక్కి అందించారు. మామూలు బీరు ఈస్టు 20 డిగ్రీల దగ్గర బాగుంటుంది, 30 దాటితే ఘాటైన చెడు వాసనలు వస్తాయి. ఈ నార్వే ఈస్టు మాత్రం 35, 40 డిగ్రీల్లో కూడా శుభ్రంగా పని చేస్తుంది. అంత చలి దేశంలో ఇంత వేడిని తట్టుకునే ఈస్టు ఎలా వచ్చిందంటే, వాళ్లు రసం పూర్తిగా చల్లారకుండానే తోడు వేసేవాళ్లు, అది తట్టుకున్నదే తరాల మీద మిగిలింది. దాని గురించి ఇప్పుడు ప్రపంచమంతా పరిశోధనలు జరుగుతున్నాయి. మా మామ్మ కుండ కూడా అలాంటిదే. ఈ డెల్టా వేడికి, మా బావి నీళ్లకు, మా ఇంటి బియ్యానికి అలవాటుపడ్డ జీవులు అందులో ఉన్నాయి. ఆమె హాప్స్ వెయ్యలేదు, సున్నం వెయ్యలేదు. పులుపు చేసే బ్యాక్టీరియానే ముందు పెంచింది. ఆ పులుపే కాపలా కాసి, కుళ్లబెట్టే వాటిని రానివ్వలేదు. బవేరియావాళ్లు ఎవరిని బయట నిలబెట్టారో వాళ్లనే మా మామ్మ ఇంట్లోకి పిలిచి పీట వేసింది.

ఆమె 2004లో పోయింది. నేను అమెరికాలో ఉన్నాను. దినాలు అయ్యాక ఇల్లు శుభ్రం చేస్తూ ఆ కుండను ఎవరో కాలవలో వదిలేశారు. వాళ్లను ఏమీ అనలేను, అది పాత కుండే. కానీ ఎన్నేళ్ల తోడు అది? ఆమె అత్తగారి దగ్గర నుంచి తెచ్చుకున్న తోడు.

ఏమండి? గట్టిగా అడగండి, అందరికీ వినపడాలి. "హాప్స్ రాకపోతే మన చేదు మొక్కలు వెయ్యకూడదా, వేప, తిప్పతీగ లాంటివి" అంటున్నారు. మంచి ప్రశ్న. హాప్స్ రాకముందు యూరప్‌లో కూడా రకరకాల ఆకులు కలిపి వేసేవాళ్లు. కానీ చేదుగా ఉన్నంత మాత్రాన హాప్స్ చేసే పని చేస్తుందని లేదు. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్యులు నమోదు చేశారు. రోజూ తాగే దానిలో మందుమొక్కలు వెయ్యడం నాకు ఇష్టం లేదు. రుచి కోసమైతే మనకు దబ్బాకు ఉంది, అల్లం ఉంది.

అల్లం అన్నాను కాబట్టి ఒక సంగతి. అల్లం సోడా చేసుకునే పిల్లలు ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారని తెలిసింది. తొక్కతో తురిమిన అల్లం చెంచాడు, పంచదార చెంచాడు, రోజూ నీళ్లలో వేస్తుంటే మన వేడికి మూడో రోజుకే బుడగలు వస్తాయి. ఆ తోడుతో చేసే సోడాలో రోజులు గడిచేకొద్దీ కొంచెం ఆల్కహాల్ కూడా పుడుతుంది. అందుకని ఒకటి రెండు రోజుల్లోనే ఫ్రిజ్‌లో పెట్టి తాగెయ్యాలి. దయచేసి గాజు సీసాల్లో పొయ్యకండి. రెండేళ్ల కిందట మే నెలలో నేను వసారాలో పెట్టిన గాజు సీసా మధ్యాహ్నం వేళ పేలింది. ఒక ముక్క తలుపు చెక్కలో దిగబడింది. ఆ తలుపు దగ్గరే పది నిమిషాల ముందు మా అమ్మాయి కూర్చుని చదువుకుంటోంది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. గోలీసోడా సీసా అంత మందంగా ఎందుకుంటుందో అప్పుడు తెలిసింది. ప్లాస్టిక్ సీసా వాడండి, నొక్కి చూస్తే రాయిలా గట్టిపడ్డాక ఫ్రిజ్‌లో పెట్టండి, మూత మెల్లగా తిప్పి గాలి వదలండి.

లైబ్రేరియన్ గారు ఒక మంచి పని చేశారు. ఆ పేపర్ల బల్ల మీద నీలం అట్ట నోట్‌బుక్ ఒకటి పెట్టారు. మీ ఇంట్లో తరవాణి కుండ ఇంకా ఉంటే, లేదా మీ అమ్మమ్మలు, మామ్మలు ఎలా పెట్టేవారో గుర్తుంటే అందులో రాయండి. ఏ బియ్యం, ఏ నీళ్లు, మొదటి తోడు ఎవరి దగ్గర నుంచి తెచ్చుకున్నారు, వానాకాలం ఏం మార్చేవారు, చెడిపోతే ఎలా గుర్తుపట్టేవారు. మీకు చిన్న విషయం అనిపించినా రాయండి. గీత పని చేసినవాళ్లు సున్నం ఎంత పూస్తారో, ఏ నెలలో ఏ తాడి గీస్తారో రాయండి. రాయడం రానివాళ్లు చెబితే ఈ పిల్లలు రాసిపెడతారు. బాబాయ్ గారి మాటలు నేను నిన్ననే మొదటి పేజీలో రాశాను. తోడు ఇంకా బతికి ఉన్న కుండ ఎవరింట్లోనైనా ఉంటే ఒక్క గ్లాసుడు నాకు ఇవ్వండి. కొత్త కుండ కొని కడిగి పెట్టుకున్నాను.

టైమ్ ఎంతయింది? యాభై నిమిషాలు. పాపా, ఇప్పుడు ఆ హాట్‌బాక్స్ ఇలా ఇవ్వమ్మా.

చూడండి, గరిటె నిలబెడుతున్నాను. పడిపోయింది. ఇందాకటి గట్టి జావ మజ్జిగలా జారుతోంది. నేను నీళ్లు పొయ్యలేదు, మూత తియ్యలేదు, ఈ పాప సాక్షి. ఇందాక కొబ్బరితాడు అనుకోమన్న పిండి లోపల ముక్కలైంది. ఇదే జావను, బిడ్డకు ఆరు నెలలు దాటిన తల్లులు కాచి చూడండి. గింజ ఎక్కువ వేసినా పలచగానే ఉంటుంది, బిడ్డ సులువుగా మింగుతుంది. ఆ చిన్న పొట్టలోకి బలం ఎక్కువ వెళుతుంది. కాకపోతే పిండి కలిపి పలచబడ్డాక మళ్లీ ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి పట్టండి.

పంచదార వెయ్యలేదండి ఇందులో. ముందు వరసలో ఉన్న మామ్మగారూ, చెయ్యి పట్టండి, ఒక చెంచా వేస్తాను. ఎలా ఉంది?

"తియ్యగా ఉంది బాబూ."

గ్లాసులు ఇటు అందించండి, అందరికీ సరిపోతుంది.